బేల్దారి, మేస్త్రీ, సుతారి: ఈ పేర్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కడప, కర్నూలు వైపు ఇల్లు కట్టే మనిషిని బేల్దారి అంటాం. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఈ మాట మీద ఎవరికీ అనుమానం రాదు. పిల్లోడి స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడో, హైదరాబాద్‌లో పని వెతుక్కునేటప్పుడో, కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు "అంటే ఎవరు?" అని అడిగినప్పుడో వస్తుంది. వచ్చినప్పుడల్లా అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. 2022లో జిల్లాలు విడిపోయాయి గానీ, ఇక్కడ జిల్లాల పేర్లు పాత హద్దుల లెక్కనే వాడాను.

## ముందుగా వచ్చే సందేహాలు

బేల్దారి అంటే ఏందన్నా? తాపీ మేస్త్రీనేనా?

అవును, ఇద్దరూ చేసేది ఒకే పని. పునాది కట్టడం, ఇటుక పేర్చడం, గోడలకు పూత వేయడం, గచ్చు చేయడం, బండలు పరచడం. కోస్తా జిల్లాల్లో దాన్ని తాపీ పని అంటారు, రాయలసీమలో బేల్దారి పని అంటారు. చదువుకున్న మాట, చదువుకోని మాట అన్న తేడా ఏమీ లేదు. ఇది ప్రాంతం తేడా, అంతే.

మనిషిని బేల్దారి అనాలా, పనిని బేల్దారి అనాలా?

వ్యాకరణం లెక్క చూస్తే మనిషి బేల్దారు, పని బేల్దారీ. జమీందారు మనిషి, జమీందారీ ఆయన హక్కు, అదే పద్ధతి. కానీ మన నోళ్లలో ఈ తేడా ఎప్పుడో కరిగిపోయింది. "బేల్దారి పనికి పోయినాడు" అంటాం, "బేల్దారి ఇంకా రాలేదు" అనీ అంటాం. రెండూ చెల్లుతాయి. చాలామంది అయితే బేల్దారి మేస్త్రీ అని జంటగా వాడతారు. పేపర్లలో కూడా ఎక్కువగా అట్లాగే కనిపిస్తుంది.

బేల్దారి, బేలుదారి, బేల్దార్: ఏది కరెక్టు?

బేల్దారి అని రాయండి, అందరికీ అర్థమవుతుంది. మధ్యలో ఖాళీ వదిలి "బేల్ దారి" అని మాత్రం రాయొద్దు. చదివేవాళ్లు దారి వెతుక్కుంటారు.

బేల్దారి ఒక కులమా?

మన దగ్గర కాదు. ఇది చేతిపని పేరు. ఏ కులం వాళ్లయినా, ముస్లింలైనా నేర్చుకుని చేస్తున్నారు. ఈ సందేహం ఊరికే పుట్టింది కాదు. ఉత్తరప్రదేశ్ ఎస్సీ జాబితాలో బేల్దార్ అనే పేరు ఉంది. మహారాష్ట్రలోనూ మట్టిపని, రాతిపని చేసే ఒక సముదాయానికి ఆ పేరుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు అవే కనబడతాయి. కర్నూలులో బేల్దారి పని చేసే మనిషికీ ఆ జాబితాలకూ సంబంధం లేదు. కులం సర్టిఫికెట్ కోసం పెట్టే అర్జీలో ఈ మాట ఎక్కడా వాడకండి, లేనిపోని చిక్కు.

## మాట ఎక్కడిది

"బేల" అంటే అమాయకుడు, "దారి" అంటే రోడ్డు. రోడ్లు వేసే అమాయకుడని అర్థమంట, నిజమేనా?

వినడానికి బాగుంది, నిజం కాదు. ఇది పారసీ నుంచి వచ్చిన మాట. పారసీలో బేల్ అంటే పార, దార్ అంటే పట్టుకున్నవాడు, కలిగినవాడు. రెండూ కలిపితే పార పట్టేవాడు. హిందీలో పారను బేల్చా అనడం ఇప్పటికీ ఉంది, అదీ ఈ బేల్ పిల్లే.

చివర ఉన్న దార్ మనకు బాగా తెలిసినవాడే. తహసీల్దారు, హవల్దారు, పట్టాదారు, వాటాదారు, ఖాతాదారు, అన్నిటిలోనూ వాడే కూర్చున్నాడు. ఎంతగా కలిసిపోయాడంటే, సంస్కృతం మాటల చివరా చేరిపోయాడు. లబ్ధిదారులో లబ్ధి సంస్కృతం, దారు పారసీ. గవర్నమెంటు పథకాల ప్రకటన ఏది చదివినా ఈ పారసీ తోక కనబడుతుంది.

పార పట్టేవాడని అర్థమైతే, గోడ కట్టే మనిషికి ఆ పేరెట్లా వచ్చింది? పార పట్టేది కూలీ కదా?

అందరూ అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. ఇప్పటి సిమెంటు ఇల్లు కళ్ల ముందు పెట్టుకుంటే జవాబు దొరకదు. మేస్త్రీ చేతిలో తాపీ ఉంటుంది, మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కలిపే మనిషి చేతిలో పార ఉంటుంది. ఇద్దరి పనులు వేరు, కూలి వేరు.

మట్టి మిద్దెల కాలానికి పోండి. మన దగ్గర పాత ఇళ్లు రాయీ మట్టీ పెట్టి కట్టినవి. పైన దూలాలు, వాటి మీద కట్టెలు, ఆ పైన వాన దిగకుండా చౌడు మన్ను. గోడకు కావలసిన మట్టి ఊరి పక్కనే తవ్వాలి. కుప్ప పోసి, మధ్యలో గుంత చేసి, నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున కాళ్లతో తొక్కి, ఊకో గడ్డో కలిపి, మళ్లీ తొక్కి, ముద్దగా అయ్యాక పారతోనే కోసి గోడ మీదికి ఎత్తాలి. ఆ మట్టి సరిగా నలిగిందా లేదా అన్నదాని మీదే గోడ బతుకు ఆధారపడేది. అప్పుడు పార పట్టడం చిన్న పని కాదు. పునాది తవ్వినవాడూ, మట్టి నలిపినవాడూ, గోడ పెట్టినవాడూ చాలాసార్లు ఒకే మనిషి.

ఇది మన ఊళ్లకే పరిమితమైన ముచ్చట కాదు. అక్బరు ఆస్థానంలో అబుల్ ఫజల్ రాసిన ఆయినె అక్బరీలో కట్టడం పనివాళ్ల కూలి రేట్లు ఉన్నాయి. అందులో బేల్దార్లకు కోటగోడ కట్టినా రేటు ఉంది, పునాది వేసినా రేటు ఉంది, కందకం తవ్వినా రేటు ఉంది. అంటే 16వ శతాబ్దం చివరికే ఆ పేరు గోడనూ గుంతనూ రెండింటినీ పట్టుకుని ఉంది. తర్వాత ఢిల్లీ వైపు గుంత అర్థం మిగిలింది, మన వైపు గోడ అర్థం మిగిలింది. మట్టిని నమ్ముకుని ఇళ్లు కట్టిన చోట గోడ అర్థం నిలబడటంలో వింతేమీ లేదని నేననుకుంటాను.

పారసీ మాట కడప, కర్నూలు పల్లెల దాకా ఎట్లా వచ్చింది?

పాలకుల వెంట వచ్చింది. 1565లో విజయనగరం ఓడిపోయాక, 1568లో ఆదోని బీజాపూర్ సుల్తానుల చేతికి పోయింది. 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. తర్వాత కడపలో నవాబులు, కర్నూలులో నవాబులు. కర్నూలు నవాబుల పాలన 1839 దాకా సాగింది. 1800లో నిజాం ఈ ప్రాంతంలో చాలా భాగాన్ని ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు, దత్తమండలం అనే పేరు అప్పటిదే.

ఇన్నేళ్లు కోటలు కట్టినా, చెరువు గండ్లు పూడ్చినా, శిస్తు లెక్క రాసినా దఫ్తరులో పారసీ మాటలే ఎక్కువ. కూలి పట్టీలో రాసిన పేరే పనిచేసే మనిషికి పేరైంది. తహసీలు, జమాబందీ, ఫసలీ, ఇనాము వచ్చిన దారినే బేల్దారీ వచ్చింది.

అంటే అంతకు ముందు మన దగ్గర గోడలు కట్టేవాళ్లు లేరా?

లేకేం. లేపాక్షి, పెనుకొండ, తాడిపత్రి గుళ్లు ఎవరు కట్టినట్టు? రాయి కొట్టడంలో ఒడ్డెరలు, మట్టిపనిలో ఉప్పరలు పేరున్నవాళ్లు. శిల్పులు వేరే ఉండేవాళ్లు. కొత్త మాట వచ్చిందంటే పని కొత్తగా వచ్చిందని కాదు, పేరు పెట్టేవాడు మారాడని.

మేస్త్రీ కూడా ఉర్దూ మాటేనా?

కాదు, పోర్చుగీసు. వాళ్ల భాషలో మెస్త్రె అంటే పనిలో ఆరితేరినవాడు, గురువు. వాస్కోడగామా 1498లో కాలికట్ తీరానికి వచ్చాడు, 1510లో గోవా పోర్చుగీసు వాళ్లదైంది. ఓడలు బాగుచేసే చోట, చర్చిలు కట్టే చోట పనివాళ్ల పెద్దను వాళ్లు ఆ పేరుతో పిలిచారు. అది దేశమంతా పాకింది. హిందీలో మిస్త్రీ, కన్నడంలో మేస్త్రి, తమిళంలో మేస్తిరి. అలమారా, బొత్తాం, అనాస, పాదిరి కూడా ఆ ఓడల్లో దిగినవే.

మరి మేస్త్రీలో "స్త్రీ" ఎందుకుంది?

ఊరికే, శబ్దం అట్లా కలిసింది. ఆడవాళ్లతో సంబంధం లేదు. మేస్త్రి అని పొట్టిగా రాసినా తప్పు కాదు.

బడిలో మేష్టారుకీ గోడ కట్టే మేస్త్రీకీ చుట్టరికం ఉందంటారు?

ఉంది, దగ్గర చుట్టరికమే. మేష్టారు ఇంగ్లీషు మాస్టర్ నుంచి, మేస్త్రీ పోర్చుగీసు మెస్త్రె నుంచి. ఆ రెండూ లాటిన్ మగిస్టెర్ అన్న ఒకే మాటకు పుట్టినవి. ఒకరు కేరళ తీరం మీదుగా ముందొచ్చారు, ఇంకొకరు ఇంగ్లీషు బళ్లతో తర్వాత వచ్చారు. హోటల్లో టీ మాస్టర్, షాపులో టైలర్ మాస్టర్ కూడా ఈ ఇంటివాళ్లే.

బేల్దారి అన్న మాట నిఘంటువులో లేకపోతే అది తెలుగు కానట్టేనా?

ఆ లెక్కన కిటికీకి వేసే కర్టెనూ, కూర్చునే కుర్చీ కూడా ఇంట్లోంచి తీసేయాలి. జనం నోట్లో తరాలుగా ఉన్న మాట తెలుగే. ఈ సంగతి 200 ఏళ్ల కిందటే గట్టిగా పట్టుకున్న మనిషి మన కడపలోనే పనిచేశాడు. సీపీ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. అది చాలదన్నట్టు, కచేరీల్లో, బజార్లలో వాడే పరాయి మాటల కోసమే 1854లో మిశ్రభాషా నిఘంటువు వేరే వేశాడు. పండితులు చీదరించుకునే మాటలకు విడిగా ఒక పుస్తకం ఇచ్చాడన్నమాట. కడపలో ఆయన పేరుతో ఉన్న గ్రంథాలయం ఇప్పటికీ నడుస్తోంది. మీ ఊరి పని మాటలు ఏవైనా వెతకాలంటే మొదలు అక్కడే.

## ఊరు దాటి పనికి పోయినప్పుడు

హైదరాబాద్‌లో బేల్దారి అంటే ఎవరికీ అర్థం కాలేదు. "సుతారివా?" అని అడిగారు. అదేంది?

తెలంగాణలో ఇల్లు కట్టే మేస్త్రీని సుతారి అంటారు. సంస్కృతం సూత్రధార అన్న మాట అరిగి అరిగి ఇట్లా అయింది. సూత్రం అంటే దారం. గోడ వంకర పోకుండా ఈ మూల నుంచి ఆ మూలకు లాగి కట్టే దారం. ఆ దారం పట్టినవాడు సుతారి. మహారాష్ట్రలో ఇదే సుతార్ వడ్రంగికి పేరైంది, ఎందుకంటే కొయ్య మీద గీత కొట్టడానికి ఆయనకూ దారమే కావాలి.

చూడండి, ఒకే తెలుగు మనిషికి మూడు చోట్ల మూడు పేర్లు, మూడూ చేతిలో ఉన్న వస్తువు నుంచి వచ్చినవే. కోస్తా ఆయన చేతిలో తాపీని చూసింది, తెలంగాణ దారాన్ని చూసింది, సీమ పారను చూసింది. ఇంకో తమాషా ఉంది. సూత్రధారిలోని ధార, బేల్దారిలోని దార్ ఒకే పాత మూలం నుంచి చీలిన సంస్కృత, పారసీ రూపాలు. రెండింటికీ పట్టుకోవడం అనే అర్థం. సుతారి, బేల్దారి పేర్లలోనే అన్నదమ్ములు.

తాపీ మేస్త్రీ అంటే తాపీగా పనిచేసేవాడా?

ఇల్లు కట్టించే ప్రతి ఓనరూ ఒక్కసారైనా ఈ జోకు వేస్తాడు. కాదు. తాపీ అంటే మాలు ఎత్తి, గోడకు కొట్టి, సాపు చేసే పనిముట్టు. నిదానంగా అనే తాపీగా వేరే.

బెంగళూరులో "గారె కెలస" అంటున్నారు. మనం తినే గారెలా?

తినేవి కాదు. కన్నడంలో గారె అంటే సున్నం, ఇసుక కలిపిన అడుసు. ఆ పని గారె కెలస. మన పాత ఇళ్ల గురించి చెప్పేటప్పుడు గార గోడ, గార పూత అంటామే, ఆ గారే ఇది. అనంతపురం, హిందూపురం నుంచి బెంగళూరు పోయేవాళ్లకు రెండు రోజుల్లో అలవాటైపోతుంది. మేస్త్రి అన్న మాట అక్కడా చెల్లుతుంది కాబట్టి, మొదటి రోజు దానితో నెట్టుకురావచ్చు. చెన్నైకి పోతే మాత్రం కొత్తనార్ అని అడగాలి. అక్కడ ఇటుక పేర్చే ఆయన కొత్తనార్, సాయం చేసే మనిషి చిత్తాళ్.

ఢిల్లీ వైపు బేల్దార్ అంటే మట్టి మోసే కూలీ అంట. అక్కడ మన మాట చెప్తే నష్టమా?

నష్టమే. అక్కడ బేల్దార్ అంటే గుంత తవ్వి, మట్టి ఎత్తే మనిషి. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల పట్టికలో బేల్దార్ నైపుణ్యం లేని కూలీల వరసలో ఉంటాడు, గోడ కట్టే మేసన్ వేరే వరసలో, ఎక్కువ కూలితో ఉంటాడు. కాబట్టి ఉత్తరాది కాంట్రాక్టరు "క్యా కామ్ కర్తే హో?" అని అడిగితే "బేల్దారీ" అనకండి. "రాజ్ మిస్త్రీ" అనండి. ఒట్టి మిస్త్రీ అన్నా చాలదు. హిందీలో వడ్రంగీ మిస్త్రీనే, బండి మెకానిక్ కూడా మిస్త్రీనే.

## పని జరిగే చోట

బేల్దారి, మేస్త్రీ, పెద్ద మేస్త్రీ: వీళ్లలో ఎవరు ఎవరు?

బేల్దారి పని పేరు, మేస్త్రీ ఆ పనిలో హోదా. కొత్తగా వచ్చిన కుర్రోడు బేల్దారి పనికి పోతున్నాడు అంటారు గానీ వాణ్ణి మేస్త్రీ అనరు. ముందు మాలు కలపాలి, ఇటుకలు అందించాలి. తర్వాత పెద్దగా కంటపడని చోట, బాత్రూం గోడో కాంపౌండు గోడో, తాపీ చేతికిస్తారు. తూకం గుండు వదిలి, ఒక కన్ను మూసి, దారానికీ గోడకూ మధ్య సందు పైనా కిందా ఒక్కటిగా ఉందని తనంతట తనే చెప్పగలిగిన రోజు నుంచి మేస్త్రీ. పెద్ద మేస్త్రీ అంటే పని ఒప్పుకుని, మనుషుల్ని పెట్టి, ఓనరుతో లెక్క చూసుకునే ఆయన. ఆయన తాపీ పట్టి చాలా ఏళ్లయి ఉండొచ్చు.

ఆడవాళ్ల విషయం ఒకటి చెప్పాలి. బేల్దారి పనిలో సగం బరువు వాళ్ల నెత్తి మీదే ఉంటుంది, తట్టలు మోసేది వాళ్లే. అయినా తాపీ చేతికివ్వరు, మేస్త్రీ అనే పిలుపూ దక్కదు. అది మాటలో లోపం కాదు, పని పంచేవాళ్లలో లోపం.

మేస్త్రీ అన్న ప్రతివాడూ గోడలు కట్టేవాడేనా?

కాదు. మున్సిపాలిటీలో పారిశుధ్య కార్మికుల హాజరు వేసే ఆయన కూడా మేస్త్రీనే. మార్కెట్ యార్డులో హమాలీల ముఠాకు మేస్త్రీ ఉంటాడు. పాలమూరు నుంచి వలస కూలీలను అడ్వాన్సులిచ్చి తీసుకుపోయేది గుంపు మేస్త్రీ. ఇంగ్లీషు వాళ్ల కాలంలో కోస్తా నుంచి బర్మాకు తెలుగు కూలీలను ఓడలెక్కించిందీ మేస్త్రీలే. ఈ చివరి రెండు చోట్లా మాటకు కొంచెం చేదు తగిలింది, ఎందుకంటే అప్పు ఇచ్చేదీ అతనే, కూలి కోసేదీ అతనే. పనిలో గురువు అన్న అర్థం, మనుషుల మీద పెద్ద అన్న అర్థం, రెండూ ఈ మాటలో పక్కపక్కనే బతుకుతున్నాయి.

పని చోట వినబడే మిగతా మాటలు అయినా మనవేనా?

ఏ సైటులోనైనా వినబడే ఒక్క వాక్యం తీసుకోండి: "మేస్త్రీ, సిమెంటు మాలు అయిపోయింది, ఇటుకలు తడపమంటావా?" మేస్త్రీ పోర్చుగీసు. సిమెంటు ఇంగ్లీషు. మాలు అరబ్బీ, ఉర్దూ మీదుగా వచ్చింది. ఇటుక సంస్కృతం ఇష్టక. తడపడం మనది, అయిపోవడం మనది. గచ్చు పారసీ, సున్నం సంస్కృతం చూర్ణం నుంచి. మట్టం చూసే రసమట్టం, మూల సరిచూసే మూలమట్టం చక్కగా మనవాళ్లు కూర్చుకున్నవి. ఇవి పాఠ్యపుస్తకాల్లో పడని పారిభాషిక పదాలు. వీటిని ఎవరైనా రాసి పెడితే బాగుండు.

కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచేదీ బేల్దార్లేనా?

చాలా చోట్ల వాళ్లే. గనిలో బండ తీసేవాళ్లు, ఫ్యాక్టరీలో పాలిష్ కొట్టేవాళ్లు వేరు. ఇంట్లో మట్టం చూసి పరిచేది బేల్దారి. టైల్స్ వచ్చాక మాత్రం టైల్స్ మేస్త్రీ అని విడిగా ఒక వర్గం తయారైంది.

ఇంటికొచ్చిన ఆయన్ని ఎట్లా పిలవాలి?

"మేస్త్రీ" అనండి, లేదా "అన్నా" అనండి. వయసులో పెద్దాయనైతే "పెద్దాయనా". ఎదురుగా "బేల్దారీ!" అని కేకేయకండి, ఎవరినైనా ఒట్టి పని పేరుతో పిలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ఆయన లేనప్పుడు "బేల్దారి ఆయప్ప వచ్చినాడా?" అంటే మర్యాదగానే ఉంటుంది. "బేల్దారోడు" వద్దు.

## కాగితాల మీద రాయాల్సి వచ్చినప్పుడు

లేబర్ కార్డుకు, ఈ–శ్రమ్‌కు (అసంఘటిత కార్మికుల నమోదు పోర్టల్) వృత్తి దగ్గర ఏం రాయాలి?

తెలుగు ఫారమైతే "తాపీ మేస్త్రీ (బేల్దారి)" అని రెండూ రాయండి. ఇంగ్లీషు ఫారమైతే మేసన్ అని రాయించండి. మీసేవలోనో ఇంటర్నెట్ సెంటర్లోనో కుర్రోడు మీరు చెప్పిన బేల్దార్‌నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేస్తే, ఆ మాటకు దేశవ్యాప్తంగా ఉన్న అర్థం మట్టిపని కూలీ అని మరిచిపోకండి. ఈ–శ్రమ్ 2021లో మొదలైంది, అందులో వృత్తిని జాబితా నుంచి ఎంచుకోవాలి. మేసన్ ఒక చోట, కట్టడం కూలీ ఇంకో చోట ఉంటాయి. సబ్మిట్ కొట్టే ముందు స్క్రీన్ మీకు చూపించమని అడగండి.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదుకు చట్టం ప్రకారం వయసు 18 నుంచి 60 లోపు ఉండాలి, ముందటి 12 నెలల్లో కనీసం 90 రోజులు కట్టడం పని చేసి ఉండాలి. మేస్త్రీలకే కాదు, మాలు కలిపేవాళ్లకు, తట్టలు మోసే ఆడవాళ్లకు కూడా ఈ హక్కుంది. ఇంట్లో ఇద్దరూ పనికి పోతుంటే ఇద్దరూ విడివిడిగా చేయించుకోవాలి.

కాలేజీ అప్లికేషన్‌లో నాన్న వృత్తి దగ్గర "కూలీ" అని రాసేస్తే సరిపోదా?

మాలు కలిపే పనైతే సరిపోతుంది, అందులో దాచాల్సింది ఏమీ లేదు. ఆయన గోడ కట్టే మనిషైతే మాత్రం మేస్త్రీ అని రాయండి. ఆదాయం సర్టిఫికెట్ విడిగా పెడతారు కాబట్టి, వృత్తి గడిలో మేస్త్రీ అని ఉన్నంత మాత్రాన స్కాలర్‌షిప్ పోదు. రేషన్ కార్డు, లేబర్ కార్డు, అప్లికేషన్, అన్నిట్లో ఒకే పేరు ఉండేట్టు చూసుకోండి. ఒకదాంట్లో కూలీ, ఇంకోదాంట్లో మేస్త్రీ ఉంటే వెరిఫికేషన్ రోజు అనవసరంగా టెన్షన్.